కత్తెర బావ కొత్త కుర్చీ

వీధిలో అందరూ కత్తెర బావ అని పిలిచే సెలూన్ ఆయన పాత కుర్చీ తీసేసి కొత్తది కొన్నాడు. మామూలు కుర్చీ కాదండోయ్! మీట నొక్కితే పైకి లేస్తుంది, వెనక్కి వాలుతుంది, గిర్రున తిరుగుతుంది. ఎర్రటి మెత్తటి సీటు, చేతులు ఆనించుకోడానికి తళతళలాడే పిడులు. వాళ్ళ నాన్నకి మోకాళ్ళు అరిగిపోయాయి. పాత కుర్చీలో కూర్చుంటే లేవలేక అవస్థ పడేవాడు. ఆయన కోసమే కొన్నానని కనబడినవాడికల్లా చెప్పుకున్నాడు బావ. ఆ నాన్న కూడా చెయ్యి వణికేదాకా అదే కొట్టులో కత్తెర పట్టిన మనిషే.

కొన్న మాట నిజమే. ఎవరినైనా సుఖంగా కూర్చోనిస్తే కదా!

మొదటి రోజే ఎవరి తాళంచెవో తగిలి పిడి మీద వెంట్రుక మందాన గీత పడింది. అంతే, బావ మొహం మాడిపోయింది. వేలితో రాస్తాడు, వెలుగులోకి తిప్పి చూస్తాడు, నిట్టూరుస్తాడు. మర్నాడు జుట్టుకేసే రంగు ఒక్క చుక్క సీటు మీద పడింది. ఆ పూట అన్నం సయించలేదు మహానుభావుడికి.

"పుట్టుమచ్చంత లేదు, దానికింత రాద్ధాంతమా? నా చెయ్యి కాలినప్పుడు ఇందులో పావువంతు బాధపడ్డావా?" అంది భార్య.

"చెయ్యి మానిపోతుందే. ఇది మానుతుందా?" అన్నాడు. ఆవిడ గరిటె పట్టుకుని చూసిన చూపుకి నోరు మూసుకుని కొట్టుకి నడిచాడు.

ఇక చూసుకోండి. కుర్చీతో వచ్చిన ప్లాస్టిక్ కవరు మళ్ళీ తొడిగాడు. జేబులు ఖాళీ చేసి, బెల్టు విప్పి కూర్చోమన్నాడు. రంగు వేయించుకునేవాళ్ళని స్టూలు మీదకి తరిమాడు. ఒక లెక్చరర్‌గారు సగం గడ్డంతో కవరు మీద నుంచి జారి కింద కూలబడితే, బావ ముందు కుర్చీనే తడిమి చూశాడు. ఆయన మిగతా సగం ఇంట్లోనే గీసుకున్నాడని వినికిడి.

ఆదివారం పొద్దున నాన్న చేతికర్ర పట్టుకుని మెల్లగా వచ్చాడు. కొట్టు నిండా జనం.

"రా నాన్నా, కూర్చో" అన్నాడు బావ.

ముసలాయన చెప్పులు విప్పాడు. కర్రని దూరంగా గోడకి ఆనించాడు. జేబులోంచి కళ్ళద్దాల డబ్బా తీసి పక్కన పెట్టాడు. అద్దం ముందున్న బల్ల అంచు పట్టుకుని అక్కడే నిలబడిపోయాడు.

"కూర్చోవేం నాన్నా?"

"లేచేటప్పుడు ఆ పిడులు పట్టుకుని లేవాలిరా. నా గోళ్ళు గీసుకుంటే మళ్ళీ నువ్వు అన్నం మానేస్తావు. నిలబడే ఉంటాలే, నువ్వు కానిచ్చెయ్. నిలబడ్డం నాకు అలవాటేగా."

కొట్టులో ఒక్కరూ నవ్వలేదు. బావకి సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది. కవరు పట్టుకుని పరపరా చించేశాడు. నాన్న చంకల కింద చేతులు వేసి కూర్చోబెట్టాడు. ముసలాయన చేతులు రెండూ ఒళ్ళో ముడుచుకున్నాడు. బావ వాటిని తీసి పిడుల మీద పెట్టాడు.

"గట్టిగా పట్టుకో నాన్నా. గీసుకుంటే గీసుకోనీ" అన్నాడు.

గడ్డం పూర్తయ్యేసరికి ముసలాయన వెనక్కి వాలి, నోరు తెరిచి, హాయిగా గురకపెడుతున్నాడు.

"బావా, ఇక నా వంతేనా?" అన్నాడు బెంచీ మీది మనిషి. "పోనీ ఆ స్టూలు మీద కానిచ్చెయ్."

"కత్తెర చప్పుడుకి లేస్తాడయ్యా, సాయంత్రం రా" అని గుసగుసలాడి, బావ అందరినీ బయటికి పంపి తలుపు దగ్గరగా వేశాడు.