అయిదు కుందేళ్లకు ఒకే గది

చిన్ని ఓ టైలరు, పాత బట్టలు సరిచేస్తుంది. కొత్తవి కుట్టదు. వదులైనవి బిగించడం, బిగుతైనవి వదులు చేయడం, చిరిగినచోట చిరిగినట్టు తెలియకుండా అతకడం ఆమె పని. హాల్లో కిటికీ పక్కన కుట్టుమిషను, దాని చుట్టూ తిరుగుతూ మూడు కుందేళ్లు ఉండేవి. తెల్లటి ఒంటిమీద గుండ్రటి నల్లమచ్చ ఉన్న ఆడది బొత్తాం. ఎప్పుడు చూసినా ముడుచుకుని కూర్చునే గోధుమరంగుది జేబు. మెడచుట్టూ తెల్లపట్టీ ఉన్న నల్లది కాలర్. మూడూ ఒకే పళ్లెంలో తినేవి, ఒకదానిమీద ఒకటి వాలి నిద్రపోయేవి.

చిన్ని భర్త ఎలక్ట్రీషియన్. ఇంట్లో వైర్లన్నీ ప్లాస్టిక్ గొట్టాల్లో దూర్చి గోడలకు బిగించాడు. అయినా కుందేళ్లకు కొరకడానికి ఎక్కడో ఒకచోట వైరు తోక దొరికేది. "పెళ్లిచూపుల్లో మీవాళ్లు ఒక్క ముక్క చెప్పుంటే బావుండేది. బయట డ్యూటీ అయ్యాక ఇంట్లో రెండో డ్యూటీ ఉంటుందని," అని సణుగుతూనే మోకాళ్లమీద కూర్చుని టేపు చుట్టేవాడు.

చిన్ని అక్క బస్సు డిపోలో విచారణ కిటికీ దగ్గర పనిచేసేది. భర్త పోయాక చాలా ఏళ్లుగా ఒక్కతే ఓ పాత భవనంలో అద్దెకుండేది. ఆ భవనం కూల్చేస్తామని యజమాని చెప్పడంతో చెల్లెలు వెంటనే వచ్చెయ్యమంది. అక్క నసిగింది.

"నాదేముందే, ఓ మూల పడుంటాను. నా రెండింటి సంగతేంటి?"

ఆ రెండూ కుందేళ్లే. బూడిదరంగు మగదాన్ని పెద్దాయన అనేది. ఎర్రటి ఆడదాన్ని గయ్యాళి అనేది, ఆ పేరు ఊరికే పెట్టలేదు.

"మూడున్నచోట అయిదుంటాయి, దానికేం?" అంది చిన్ని. "అయిదింటికీ పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు అయ్యాయిగా. మా హాలు పెద్దదే. వచ్చెయ్ అక్కా."

అంత తేలిగ్గా అనేసింది.

అక్క సామానుతో దిగిన రోజే బుట్ట తెచ్చి హాలు మధ్యలో పెట్టగానే చిన్ని మూత తీసింది. పెద్దాయన తాపీగా బయటికొచ్చి మూతి ఎగరేస్తూ వాసన చూశాడు. వెనకే గయ్యాళి వచ్చింది. మిషను కిందినుంచి కాలర్ చెవులు వెనక్కి విరిచి, తోక నిక్కబొడిచి బాణంలా దూసుకొచ్చాడు. తరవాత ఏం జరిగిందో ఎవరికీ సరిగ్గా తెలియదు. నలుపూ ఎరుపూ కలిసిన ఓ బంతి నేలమీద గిరగిరా దొర్లింది. బొచ్చు గదంతా ఎగిరింది. అక్క కేకేసి చెయ్యి మధ్యలో పెట్టబోతే వేలు తెగింది. చిన్ని భర్త సోఫామీది దుప్పటి లాగి వాటిమీద పడేసి, కాళ్లూ చెవులూ చూడకుండా దొరికినదాన్ని దొరికినట్టు పట్టి విడదీశాడు.

కాలర్ చెవి అంచు చీలి వేలాడుతోంది.

పశువుల డాక్టరమ్మ రెండు కుట్లు వేసి, మందిచ్చి, ముగ్గురినీ ఎదురుగా నిలబెట్టి అడిగింది. "మీ ఇంట్లోకి ఎవరో తలుపు తోసుకొచ్చి మంచమెక్కి కూర్చుంటే మీరేం చేస్తారు?"

అక్క తన తెగిన వేలికేసి చూసుకుంది.

"అదీ అదే చేసింది. ముందు గాయం మాననివ్వండి. అప్పటిదాకా మధ్యలో కంచె ఉండాల్సిందే."

అది అక్కడితో ఆగుంటే చిన్ని తట్టుకునేదే. ఇంటికి తెచ్చి కాలర్‌ని తన జతగాళ్ల దగ్గర వదిలింది. బొత్తాం దగ్గరికొచ్చి వాసన చూసింది. మందువాసన, గయ్యాళి వాసన, ఆస్పత్రి వాసన. ఒక్కసారిగా కాలర్ వీపుమీద కరిచి తరిమింది. జేబు భయపడి ఎటు పోవాలో తెలియక గోడకు కొట్టుకున్నాడు. ఇన్నాళ్లూ ఒకే పళ్లెంలో తిన్నవి ఒకదాన్నొకటి ఎరగనట్టు తరుముకుంటున్నాయి. చిన్ని నేలమీద కూలబడింది.

హాలు ముక్కలైంది. ఓ పక్క అక్క జంట, ఓ పక్క బొత్తాం, జేబు, మిషను దగ్గర ఇరుకైన మూలలో కాలర్ ఒక్కడే. మధ్యలో మడత కంచెలు. వంటింట్లోకి పోవాలంటే రెండుచోట్ల కాలెత్తి దాటాలి. చిన్ని భర్త టీ గ్లాసు పట్టుకుని దాటబోయి సగం టీ ఒంటిమీద పోసుకున్నా ఒక్క మాటైనా అనలేదు. ఆయన సణగకపోవడం చూసి చిన్నికి ఇంకా దిగులేసింది.

అక్క ఇంట్లో చప్పుడు కాకుండా తిరగడం మొదలుపెట్టింది. పొద్దున్నే లేచి కుందేళ్ల పెంటికల ట్రేలన్నీ తనే కడిగేది. కాలర్ వైపు చూడాల్సివస్తే మొహం తిప్పుకునేది. ఓ సాయంత్రం డిపోనుంచి వచ్చి చెప్పులు విప్పుతూ, ఏదో మామూలు విషయంలా అంది.

"మా దగ్గర మెకానిక్కు వాళ్ల బావమరిదికి తోట ఉందట. నా రెండింటినీ ఇచ్చేస్తానన్నాను. ఆదివారం వస్తాడు."

చిన్ని మిషను తొక్కుతూనే ఉంది. సూదిలో దారం ఎప్పుడో అయిపోయింది, ఆమె మాత్రం ప్యాంటు అంచుమీద వట్టి చిల్లులు పొడుచుకుంటూ పోతోంది.

"నన్ను తిట్టవే," అంది అక్క. "నీ ఇంటికొచ్చి నీ మూడింటి కాపురం కూల్చాను. ఏదో ఒకటి అను."

"నిన్నెందుకు తిడతాను? మూత తీసింది నేను." చిన్ని మిషను ఆపింది. "బావ పోయినప్పుడు నీతో ఉన్నవి ఆ రెండే కదే. ఎవరో తెలియనివాడి చేతిలో పెట్టి నువ్వు ఏ మొహంతో అన్నం తింటావ్? నేనేం తింటాను?"

చిన్ని భర్త గుమ్మంలో నిలబడి అంతా విన్నాడు. పనిముట్ల సంచి కింద పెట్టాడు.

"వదినా, ఈ ఆదివారం వద్దని చెప్పండి అతనికి."

"మరిదిగారూ, మీరు కూడా ఏమిటి..."

"నాకు కుందేళ్ల గురించి ఏం తెలుసు? నాకు తెలిసింది వైరింగే. ఫ్యూజు ఎగిరిపోయిందని ఇల్లు అమ్ముకోం కదా. ఎక్కడ తప్పు కలిపామో చూసి మళ్లీ కలుపుతాం. రేపు ఆ డాక్టరమ్మ దగ్గరికి మళ్లీ పోదాం. ఈసారి తిట్టించుకోడానికి కాదు, అడగడానికి."

డాక్టరమ్మ ఈసారి తీరిగ్గా కూర్చుని చెప్పింది. రోజూ ఒకరి ట్రే ఒకరికి మార్చండి, ఒకరి పక్కగుడ్డ ఒకరికి వెయ్యండి, వాసనకి అలవాటు పడాలి. తిండి కంచెకు అటూ ఇటూ ఆనించి పెట్టండి. గాయం మానాక, వాటిలో దేనికీ తెలియని చోటుకు తీసుకెళ్లి అయిదింటినీ ఒక్కసారే వదలండి.

"ఒక్కసారేనా!" అక్క గుండెమీద చెయ్యేసుకుంది. "ముందు ఇద్దరిద్దరిని కలిపితే నయం కదమ్మా?"

"ఇద్దరిద్దరిని కలిపి, మూడోది వచ్చిందనుకోండి, పెత్తనం ఎవరిదని గొడవ మళ్లీ మొదలు. నాలుగోది వస్తే మళ్లీ. గుంపుగా ఉండాల్సినవి గుంపుగానే తేల్చుకోవాలి. కాసేపు తరుముకుంటాయి, ఒకదానిమీద ఒకటి ఎక్కుతాయి, బొచ్చు పీకుతాయి. అదంతా మామూలే, ఆపకండి. రెండు కలిసి చక్రంలా తిరగడం మొదలుపెడితే మాత్రం వెంటనే విడదీయండి. దాని తరవాత వచ్చేది రక్తమే."

తెలియని చోటు చిన్ని భర్తే వెతికాడు. రెండు వీధుల అవతల కొత్త ఫ్లాటులో అతను వైరింగ్ చేస్తున్నాడు. యజమాని ఇంకా దిగలేదు. విషయం చెబితే ఆయన పడీపడీ నవ్వి, "గోడలు కొరకనంతవరకు నాకేం అభ్యంతరం లేదు," అన్నాడట.

గాయం మానింది. చెవి అంచున చిన్న గంటు మిగిలింది. వారాల తరబడి ట్రేలు మార్చారు, గుడ్డలు మార్చారు. మొదట్లో కంచె దగ్గర గుర్రుమన్న గయ్యాళి, పోనుపోను అటు కాలర్ తింటుంటే ఇటు తనూ తినసాగింది. అక్కా చెల్లెళ్లిద్దరూ సెలవు చూసుకుని ఓ ఉదయం బుట్టలు మోసుకుని బయల్దేరారు.

ఖాళీ గదిలో సున్నం వాసన, నున్నటి టైల్స్ నేల. గోడలోంచి పొడుచుకొచ్చిన వైర్లన్నిటికీ చిన్ని భర్త ముందే మూతలు బిగించాడు. మధ్యలో ఎండుగడ్డి దండిగా చల్లారు. చిన్ని వంటింటి మందపు చేతితొడుగులు వేసుకుంది. ఆయన కరెంటు పనికి వాడే రబ్బరు తొడుగులు మోచేతులదాకా లాక్కున్నాడు.

"నన్ను చూస్తే కుందేలుని పట్టేవాడిలా ఉన్నానా, ఏనుగుకి కాన్పు చేసేవాడిలా ఉన్నానా?" అన్నాడు. అక్క నవ్వలేదు.

అయిదు బుట్టలూ ఒకేసారి తెరిచారు.

నున్నటి నేలమీద అడుగు వెయ్యగానే కాలర్ కాళ్లు నాలుగు వైపులకీ జారాయి. దూకబోయిన గయ్యాళి కూడా జారి పొట్టమీద కూర్చుంది. పౌరుషం చూపించాలన్నా కాలు నిలవాలి కదా. కాసేపు అయిదూ బిక్కమొహాలేసుకుని ఉన్నచోటే ఉండిపోయాయి. తరవాత ఒక్కొక్కటీ గడ్డి దగ్గరికి చేరాయి. గడ్డిమీద కాలికి పట్టు దొరకగానే గయ్యాళి బొత్తాంని తరిమింది. బొత్తాం జేబుని తరిమింది. జేబు తరమడానికి ఎవరూ లేక పెద్దాయన ముందు ఆగిపోయాడు. బొచ్చు కొద్దిగా ఎగిరింది. చిన్ని రెండుసార్లు ముందుకు దూకబోతే భర్త భుజం పట్టి ఆపాడు.

"ఆగు. చక్రం తిరగలేదు."

పెద్దాయన తల నేలకు ఆనించి జేబు మూతి కిందికి జరిపాడు. తన తల నాకమని అడగడం అది. జేబు చాలాసేపు ఆలోచించాడు. ఆ తరవాత పెద్దాయన నుదురు నాకడం మొదలుపెట్టాడు.

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

గయ్యాళీ కాలరూ మాత్రం తేల్చుకోలేదు. అటొకరు ఇటొకరు. అవి దగ్గరైనప్పుడల్లా ముగ్గురూ చేతులు ముందుకు చాచారు. ఆ రోజుకు చాలనుకుని, ఓ పెద్ద బుట్టలో అయిదింటినీ కలిపి ఇంటికి తెచ్చారు. కుదుపులకు బెదిరి అవి ఒకదాన్నొకటి అతుక్కుని కూర్చున్నాయి. ఇంట్లో మళ్లీ కంచెలు. ఆ తరవాత తీరిక దొరికిన ప్రతి పూటా అదే పని. రోజురోజుకూ ఆ గదిలో ఉంచే సేపు పెంచుతూ పోయారు.

ఓ మధ్యాహ్నం చిన్ని తలుపు దగ్గర కూర్చుని కాపలా కాస్తూ కునుకు తీసింది. కళ్లు తెరిచేసరికి గది నిశ్శబ్దంగా ఉంది. మూలన అయిదూ ఒకే కుప్పగా పడున్నాయి. కుప్ప అడుగున కాలర్ నల్లటి కాలు వెల్లకిలా సాగి ఉంది, కదలడం లేదు. ఆమెకు పైప్రాణం పైనే పోయింది. "అక్కా!" అని గట్టిగా అరిచింది.

ఆ అరుపుకి కాలర్ తలెత్తి ఇదేం గోల అన్నట్టు చూశాడు. ఆవలించి, కాలు ఇంకాస్త సాచి, మళ్లీ పక్కకు పడిపోయాడు. వాడి వీపుకు వీపు ఆనించి గయ్యాళి పడుకుని ఉంది. అది కళ్లు కూడా తెరవలేదు.

అక్క పరిగెత్తుకొచ్చి గుమ్మంలోనే ఆగిపోయింది. ఇద్దరూ గోడకు చేరగిలబడి కూర్చున్నారు. ముందు చిన్ని ఏడ్చింది. ఆమెను చూసి అక్క నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ తనూ ఏడ్చేసింది. పక్కగదిలో స్విచ్‌బోర్డు బిగిస్తున్న చిన్ని భర్త స్క్రూడ్రైవరుతో సహా వచ్చి చూసి, "బతికే ఉన్నాయిగా? మరి ఈ శోకాలేంటి?" అన్నాడు. అని ఆయన కూడా పక్కన చతికిలబడ్డాడు.

హాలంతా వెనిగరు నీళ్లతో కడిగి, సోఫా అటుది ఇటు, మిషను ఇటుది అటు మార్చారు, ఎవరి పాత వాసనా ఎక్కడా మిగలకుండా. కంచెలు మడిచి మంచం కిందికి తోశారు. అయిదింటినీ వదిలి ముగ్గురూ వంటింటి గుమ్మంలో నిలబడ్డారు. అవి గది చుట్టూ వాసన చూసుకుంటూ తిరిగాయి. గయ్యాళి ఓసారి కాలర్‌ని అదిలించింది. కాలర్ తప్పుకున్నాడు. అంతే. పళ్లెంలో కొత్తిమీర పెట్టగానే అయిదు తలలూ అందులోకే దూరాయి.

కాలర్‌ని గయ్యాళి ఆ తరవాత కూడా ఎప్పుడూ నాకలేదు. ప్రేమగా చూసుకునేది బొత్తాం, అది మళ్లీ తన కాలర్ దగ్గరికొచ్చేసింది. గయ్యాళి మాత్రం వాడి పక్కన పడుకోవడానికి ఒప్పుకుంది. అంతకుమించి దాన్ని ఎవరూ అడగలేదు.

అక్క మెకానిక్కుకి ఫోన్ చేసింది.

"మీ బావమరిదికి చెప్పండి బాబూ, ఇచ్చేది లేదు. ఆ, కలిసిపోయాయి. అయిదూ." అవతల ఆయన ఏదో అడిగినట్టున్నాడు. అక్క హాల్లోకి తొంగి చూసింది. "ఇప్పుడా? మా మరిది లుంగీ కొరుకుతున్నాయి. ఆయన నిద్రపోతున్నాడు, పాపం లేపడం ఎందుకని ఊరుకున్నాను."