తారుగీత

తెల్లారేసరికి కిక్కిసలంక రేవులో ఐసుపెట్టెలు వరసకట్టేవి. వాటి వెనక ఏలూరు కాలేజీకి వెళ్లే పిల్లలు, పాలక్యాన్లు, ఆసుపత్రికని బయలుదేరిన ముసలివాళ్లు. వీరాస్వామి తాడు లాగితే బల్లకట్టు కాలువ దాటి, ఆటోలు ఆగే రోడ్డు గట్టుకు చేరేది. బల్లకట్టు అంచున, నీళ్లకు జానెడు పైన, ఒక తారుగీత ఉండేది. గీత మునిగిందంటే బరువెక్కువైనట్టు. ఎవరో ఒకరు దిగాలి.

ఈమధ్య బంగార్రాజు గారు కాలుపెడితే చాలు, గీత మునిగిపోతోంది. మనిషి చూస్తే సన్నగానే ఉంటాడు. అయినా ఆయన వస్తుంటే ముందు ఐసుపెట్టెలు దించేవారు, తరవాత పిల్లలు దిగేవారు. వానొస్తే గొడుగు విప్పినంత మామూలుగా దిగి పక్కకు జరిగేవారు.

ఆ బరువు ఎక్కణ్ణించి వచ్చిందో లంకలో అందరికీ తెలుసు.

చేపల చెరువు గట్టు దగ్గర ఆవలి లంకతో గొడవొచ్చింది. గట్టు తెగ్గొట్టారని వీళ్లు, దానంతటదే తెగిందని వాళ్లు. బరిసెలు లేచాయి. దోనెలు కాలాయి, ఇళ్లు కాలాయి, రెండు వైపులా మనుషులు పోయారు. వెంకాయమ్మ మొగుడు ఆ గట్టు మీదే పడిపోయాడు. కూతురు దుర్గాభవానిని అంతకు ముందే ఆవలి లంకకు ఇచ్చి ఉన్నారు. పోలీసులొచ్చి గొడవైతే ఆపారు గానీ, భయాన్ని జీపులో ఎక్కించుకుపోలేకపోయారు.

కిక్కిసలంకలో ఏం తలపెట్టినా కూటం కూర్చుని ఇంటికో మాట అడగడం ఆనవాయితీ. చివరి ఇంటి మాట పడేదాకా ఎవరూ లేవకూడదు. గొడవ తరవాత ఆ కూటాల్లో తిట్లే మిగిలాయి. తప్పు నీదంటే నీదని. చెరువులో చేప లేదు, ఐసులారీ రావడం మానేసింది, పడుకుంటే కన్ను మూతపడదు. అలాంటప్పుడు బంగార్రాజు లేచి, "నేను చూసుకుంటానండీ. మీరు హాయిగా నిద్రపోండి" అన్నాడు.

ఆ మాటకే సగంమందికి కళ్లు చెమ్మగిల్లాయి.

"మీ ఇష్టమండీ," అంది వెంకాయమ్మ అందరికన్నా ముందు. ఆ మాట వెళ్లి ఆయన భుజం మీద వాలింది. ఆయన కూర్చున్న బల్ల కిర్రుమంది.

చూసుకోలేదని అనడానికి లేదు. బియ్యం తెప్పించాడు, ఐసులారీని రప్పించాడు, రేవులో లైట్లు పెట్టించాడు. మళ్లీ కూటం పెడదామని ఎవరైనా అన్నప్పుడల్లా మాత్రం, ఆవలి లంక దోనె ఒకటి కిక్కిస గడ్డిలో నక్కి ఉందని కబురొచ్చేది. దోనె సంగతి అందరూ చెప్పేవారే, చూసినవాడు ఒక్కడూ లేడు. ఎదుటి మనిషి మొహం మీద కాదనడం మనవైపు మర్యాద కాదాయె. "మీ ఇష్టమండీ" అనేసి ఇళ్లకు పోయేవారు. అలా అలా లంకలో దోనెలన్నిటికీ గొలుసులు పడ్డాయి. ఆవలి లంక మనిషి రేవు దాటకూడదన్న కట్టడి వచ్చింది. దుర్గాభవాని పుట్టింటి గడప తొక్కి ఏడాది దాటింది.

ఆవేళ బంగార్రాజు ఏలూరు వెళ్తున్నాడు. అందరూ దిగిపోయారు. కిరాణాకొట్టు ప్రసాదరావు సరుకు కోసం ఆయన పక్కనే నిలబడ్డాడు. వెంకాయమ్మ, నర్సు మరియమ్మ కూడా దిగలేదు. మరియమ్మ చేతిలో సంచీ ఉంది.

"ఆసుపత్రికామ్మా?" అని అడిగాడాయన.

వెంకాయమ్మ తల వంచుకుంది. కాలువ మధ్యకొచ్చాక కొంగు ముడిలో ఫోను మోగింది.

"అమ్మా, రోడ్డు గట్టు మీదే ఉన్నాను," అంది దుర్గాభవాని గొంతు. "ఏలూరు దాకా ఆగేలా లేదే. ఆటోలోనే నెప్పులొస్తున్నాయి. నన్ను మనింటికే తీసుకుపో. ఎంతసేపే?"

ఆ గొంతు బల్లకట్టు మీద అందరికీ వినబడింది. అవతలి గట్టున ఆటో కూడా కనబడుతోంది.

"వెనక్కి లాగు వీరాస్వామీ," అన్నాడు బంగార్రాజు. గొంతు పెంచలేదు. "ఇవాళ ఒకర్ని రానిస్తే రేపు ఊరంతా వస్తారు. నర్సు కూడా వెళ్లడానికి లేదు."

"తొలికాన్పండీ," అంది మరియమ్మ.

"వెంకాయమ్మా, నీ మొగుణ్ణి పొడిచిన ఊరు అది. మర్చిపోయావా?"

"పొడిచిన ఊరేనండి. నా కూతురి కడుపులో ఉన్నది ఎవర్ని పొడిచిందండీ?"

వీరాస్వామి తాడు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. అలవాటుగా, "మీ ఇష్ట..." అనబోయాడు. సగం మాటకే బల్లకట్టు దిగబడింది. నీళ్లు పలకల మీదికొచ్చి కాళ్లు తడిపాయి. ఇంకో చివర నీళ్లలో కొట్టుకొచ్చిన గుర్రపుడెక్క మొక్కలు లోపలికి జారాయి.

వెంకాయమ్మ వచ్చి వీరాస్వామి నోటికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అనకు తమ్ముడూ. మునిగిపోతాం."

తరవాత బంగార్రాజు వైపు తిరిగింది.

"అయ్యా, ఆవేళ నేనో మాట ఇచ్చాను. నిద్ర లేక ఇచ్చాను. అది నాకు తిరిగిచ్చెయ్యండి."

"ఏ మాట?"

"మీకు తెలుసండి. మీ భుజం మీదుంది."

ఆయన చెయ్యి భుజం మీదికి పోయింది. ఇవ్వడానికి ఆయన ఒప్పుకోవాలని కూడా లేదు కాబోలు. బల్లకట్టు వేలెడు పైకి లేచింది.

ప్రసాదరావు గొంతు సవరించుకున్నాడు. "నాది కొట్టువాడి మాటండి, తూకం కాస్త తక్కువే ఉంటుంది. అయినా నాది నాకు ఇప్పించండి."

వీరాస్వామి తన సగం మాట, అంతకు ముందువి, అన్నీ అడిగేసుకున్నాడు. రేవులో దిగిపోయినవాళ్లు ఇదంతా చూస్తూనే ఉన్నారు. ముందొక ముసలాయన అరిచాడు. ఆ వెనక రేవంతా, నాదీ ఇచ్చెయ్యండీ అంటూ. పలకల మీది నీళ్లు కాలువలోకి జారిపోయాయి. తారుగీత నల్లగా మెరుస్తూ బయటపడింది.

బంగార్రాజు కాళ్లు నిలవలేదు. ఎప్పుడూ ఉండే పడమటిగాలే, దానికే తూలి తాడు పట్టుకున్నాడు.

"పట్టుకున్నారు కదండీ," అన్నాడు వీరాస్వామి, "ఓ చెయ్యెయ్యండి. త్వరగా వెళ్లాలి."

ఆయన వీరాస్వామి మొహం చూశాడు, ఆటో వైపు చూశాడు. తాడు లాగడం మొదలుపెట్టాడు.

దుర్గాభవానికి ఆటోలోనే ఆడపిల్ల పుట్టింది. తల్లినీ పిల్లనీ బల్లకట్టు మీద పడుకోబెట్టి తెచ్చారు.

ఆ సాయంత్రమే కూటం కూర్చుంది. వాళ్లని లంకలో ఉండనివ్వాలా వద్దా అన్నది మాట. చాలాకాలం తరవాత కదా, రెండిళ్లు తిరిగేసరికే విసుగొచ్చింది. "పోనీ ప్రసాదరావు గారినే చూసుకోమంటే పోలా?" అన్నారెవరో. ప్రసాదరావు కింద బల్ల కిర్రుమంది. "నాకొద్దండీ బాబూ!" అంటూ ఆయన లేచి నేల మీద కూర్చున్నాడు. అందరూ నవ్వారు గానీ, మళ్లీ మొదటి ఇంటినుంచి అడగడం మొదలుపెట్టారు.

ఉండనివ్వండి అన్నారు కొందరు. వద్దన్నారు కొందరు. వెంకాయమ్మ లెక్కపెట్టుకోలేక కళ్లు మూసుకుంది. చివరి ఇల్లు అచ్చాయమ్మది. ఆమె ఒక్క కొడుకూ ఆ గట్టు మీదే పోయాడు.

"నాకిష్టం లేదండీ," అంది అచ్చాయమ్మ.

ఎవరి భుజమూ కుంగలేదు. రేవులో తారుగీత పొడిగానే ఉంది. ఎక్కువ ఇళ్లు ఉండమన్నాయి, ఉంటారు అని పెద్దలు తేల్చారు. అచ్చాయమ్మ సరేనని తలూపి లేచింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగింది.

"పసిదానికి నీళ్లు కాచారా వెంకాయమ్మా? మా పొయ్యి మీద మరుగుతున్నాయి, పట్టికెళ్లు."