చాంద్ పాషా దగ్గర ఆగిన కబురు

పటాన్‌చెరు హైవే పక్కన నాది నట్లు, బోల్టులు, మోటరు సామాన్ల దుకాణం. ఏ సరుకు ఎన్నాళ్లు మూలన పడి ఉంటుందో, ఏది రాగానే పోతుందో చూపుతోనే చెప్పగలను. తొంభై నాలుగులో మాత్రం ఒక లెక్క తప్పాను.

దగ్గర్లోని కంది గ్రామంలో మా గురువుగారు ఉండేవారు. పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన రామలింగేశ్వరరావు గారు. మేమంతా అయ్యగారు అనేవాళ్లం. ఆయన ఇచ్చిన మంత్రం రోజూ పొద్దు పొడవకముందే పదకొండు మాలలు తిప్పాలి. అలా నలభై ఒక్క రోజులు విడవకుండా చేసినవాళ్లకే గురుపౌర్ణమి నాడు ఆయన పాదాలు కడిగే భాగ్యం. మధ్యలో ఆగితే మళ్లీ ఒకటో రోజు నుంచే. నాకు ఒకసారి కామెర్లు వచ్చి ఇరవై ఆరో రోజు ఆగింది. ఇంకోసారి పెద్దనాయన పోయి, మైల వచ్చి, పంతొమ్మిదో రోజు ఆగింది. అయ్యగారికి అప్పటికే డెబ్బై ఎనిమిదేళ్లు. వచ్చే ఏడు ఉంటారో లేదో ఎవరు చెప్పగలరు? అందుకే ఆ సంవత్సరం రోజులు సరిగ్గా లెక్క చూసుకుని మొదలుపెట్టాను. నలభై ఒకటి అయిన మరునాడే పౌర్ణమి.

ముప్పై మూడో రోజు, మా చిన్నాయన కొడుకు ఐలన్న రోడ్డవతల బస్సు దిగాడు. నెత్తిన తువ్వాల, ముఖం వాడిపోయి ఉంది. చిన్నాయన కొండాపూర్‌లో నెల రోజులుగా మంచాన పడి ఉన్నాడు. తండ్రి లేని నన్ను పెంచింది ఆయనే. కబురేమిటో ఇక అడగక్కర్లేదనుకున్నాను. కానీ చావు కబురు చెవిన పడితేనే మైల, పడేదాకా లేదు. మా పెద్దలు చెప్పిన మాటే అది. ఐలన్న రోడ్డు దాటేలోపు వెనక తలుపు నుంచి బయటపడ్డాను.

తిరిగొచ్చేసరికి పక్కనే పంక్చర్ దుకాణం నడిపే చాంద్ పాషా కేకేశాడు.

"జంగన్నా, ఎటు పోయినవ్? మీ తమ్ముడొచ్చిండు. బహుత్ పరేషాన్ ఉన్నడు. మీ చిన్నాయన..."

"చెప్పకు భాయ్! నీ కాళ్లు మొక్కుత, ఒక్క ముక్క చెప్పకు."

"అరే, సునో తో! జెర విను!"

"పున్నం దాకా ఆగు. నువ్వు నోరు తెరిస్తే నా ముప్పై మూడు దినాలు మట్టిల కలుస్తయ్."

చాంద్ పాషా నన్ను ఎగాదిగా చూశాడు. "నీ ఇష్టం. చాయ్ అయితే తాగుతవా, దానికి గూడ పున్నం దాకా ఆగాల్నా?"

ఇంట్లో నా భార్య సత్తెమ్మకు కూడా చెప్పాను, కొండాపూర్ నుంచి ఎవరొచ్చినా నాకు ఏమీ చెప్పొద్దని.

"నిన్ను సాదిన మనిషయ్యా!" అంది. "చెవులల్ల దూది పెట్టుకొని తిరుగు. మిషన్లు తుడిచే దూది దుకాణంల మస్తున్నది గదా!"

మాలలు తిరిగాయి. ఒక్క పూస కూడా తప్పలేదు. కానీ కళ్లు మూసుకుంటే చిన్నాయన పాడె కనబడేది. దాని వెంట నేను లేను.

ముప్పై ఎనిమిదో రోజు కందికి వెళ్లి అయ్యగారి ముందు కూర్చున్నాను.

"ఎంతదాకా వచ్చింది జంగయ్యా?"

"ముప్పై ఎనిమిదయ్యా."

అక్కడితో ఊరుకోవాల్సింది. ఉండబట్టక జరిగిందంతా చెప్పేశాను. ఆయన కోప్పడలేదు.

"జపంలో ఎవరు కనబడుతున్నారు?"

"చిన్నాయన."

"అయితే అయిదు రోజుల నుంచి ఆయన దగ్గరే కూర్చున్నావన్నమాట. ఇక్కడ కూర్చోవడమెందుకు, వెళ్లి చూడు. పోయి ఉంటే చేయాల్సినవి చెయ్యి. దీక్ష సంగతి నేను చూసుకుంటాను."

"పాదాలు కడగాలనుకున్ననయ్యా..."

ఆయన కాళ్లు చాపి మోకాళ్లు నిమురుకున్నారు. "ఇవెక్కడికి పోతాయి? వాకిలి దాకా నడవడానికే మొరాయిస్తున్నాయి."

కొండాపూర్‌లో బస్సు దిగి తలెత్తకుండా నడిచాను. ఇంటి దగ్గరికి రాగానే లోపలి నుంచి చిన్నాయన గొంతు. ఎవరినో తిడుతున్నాడు. చెప్పులతోనే లోపలికి ఉరికాను.

"వచ్చినవా దొరా?" అన్నాడు నన్ను చూసి. మంచం మీద లేచి కూర్చుని జొన్న గట్క తాగుతున్నాడు. "బాయి మోటరు ఫుట్‌వాల్వు పోయి నీళ్లెక్కుతలేవు, నారుమడి ఎండుతున్నది, మనోని దుకాణంల మంచిది దొరుకుతదని తోలిస్తే ఎనక తలుపుకెళ్లి ఉరికినవంట!"

"చాంద్ పాషాకు చెప్పొచ్చిన గదనే అన్నా," అన్నాడు ఐలన్న. "నాయన లేచి కూసున్నడు, ఫుట్‌వాల్వు పంపుమన్నడని."

దాచి లాభం లేక ఉన్నదున్నట్టు చెప్పాను. చిన్నాయన దగ్గొచ్చేదాకా నవ్వాడు.

"అయితే అయిదు దినాల సంది నేను పీనుగునా? నీ లెక్క పాడుగాను! ఏడ్సినవా జెర?"

"ఏడ్సిన," అన్నాను. అప్పుడు నిజంగానే ఏడుపు వచ్చింది.

ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. తెల్లవారకముందే బావి దగ్గర స్నానం చేసి అరుగు మీద మాల పట్టుకున్నాను. నాలుగో మాలలో ఉండగా చిన్నాయన నీళ్ల కోసం పిలిచాడు. మాల మధ్యలో లేవకూడదు. లేచాను. ముంత అందించి వచ్చి, ఆగిన పూస దగ్గరే మళ్లీ అందుకున్నాను. ఆ రోజు కళ్లు మూసుకుంటే మంత్రం తప్ప ఇంకేమీ లేదు.