జానెడు జరిగిన దారం

ఆ రోజు ఇంటి దగ్గర ఉన్నవాళ్ళు ఆరుగురు. ఎడమ వాటాలో నాన్న, అమ్మ, అందరూ నత్త అని పిలిచే వాళ్ళ పిల్ల. కుడి వాటాలో బాబాయి, పిన్ని. పెరట్లో, ఏ వాటాకూ చెందకుండా, మేస్త్రీ.

రెండు వాటాలకూ వెనక ఉన్నది ఒకటే పచ్చిక. దానికి నీళ్ళెవరు పెట్టాలి, గడ్డెవరు కోయాలి అని ఏడాదిగా నలుగుతున్న మాటను తెంచేయడానికి, మధ్యలో కాంక్రీటు దిమ్మెలతో అంచు కట్టించాలని అన్నదమ్ములు ఒప్పుకున్నారు. పొద్దున టేపు చెరో కొసా పట్టుకుని కొలిచారు. మేస్త్రీ రెండు చివరలా గూటాలు కొట్టి, దారం బిగించి, భోజనానికి కూర్చున్నాడు. తిన్నాక దారం వెంట కాలువ తవ్వి, సిమెంటు మాలు పరిచి, దిమ్మెలు పేర్చుకుంటూ పోయాడు.

సగం పని అయ్యాక బాబాయి వచ్చి ఒక కన్ను మూసి చూశాడు. టేపు తెప్పించాడు. దారం అవతలి కొస జానెడు అతనివైపు జరిగి ఉంది.

"దారం దానంతటది నడిచి రాదు కదా మేస్త్రీ. ఎవరు నడిపించారు?" అన్నాడు, చూపు మాత్రం అన్న మీదే ఉంచి.

నాన్న ముఖం కందగడ్డ అయింది. తన మీదికి రాబోతున్న అనుమానాన్ని మేస్త్రీ మీదికి తోసేశాడు. అలా అన్నదమ్ములు ఏడాది తర్వాత ఒక్క మాట మీదికి వచ్చారు.

"నేను గూటం బయటికి వంచి కొడతాను బాబూ. లేకపోతే దారం లాగుడుకి ఊడొస్తుంది. ఇది నిటారుగా ఉంది, చూడండి" అన్నాడు మేస్త్రీ.

ఎవరూ వంగి చూడలేదు. దిమ్మెలు పీకేసి వెళ్ళిపొమ్మన్నాడు బాబాయి. ఈ సంగతి వీధంతా చెప్తానన్నాడు. ఒక పెరట్లో పని చూసి పక్కింటివాళ్ళు పిలిస్తేనే మేస్త్రీకి బతుకు. అతను తాపీ కడుక్కోవడం మొదలుపెట్టాడు.

నత్త తలుపు చాటు నుంచి ఒక్కొక్కరినీ చూసింది. భోజనాలప్పుడు నాన్న చేతులు కడుక్కోవడానికి చాలాసేపు పట్టింది. పిన్ని రెండుసార్లు పెరట్లోకి వెళ్ళింది. అన్నను దొంగను చెయ్యడానికి బాబాయే జరిపాడేమో. నత్త మెల్లగా వెళ్ళి గూటం పక్కన కూర్చుంది. మేస్త్రీ చెప్పింది నిజమే. పైగా దారానికి రెండు చెవుల ముడి ఉంది, ఒక కొస లాగితే ఊడేది. నత్తకు బూట్ల తాళ్ళు కట్టుకోవడం నేర్పిన ముడి అది.

గూటానికి బెత్తెడు ఇవతల, తమ వైపున, బట్టలారేసే గుంజ ఉంది. పొద్దుటి కొలత ప్రకారం అది బాబాయి వైపు పడాలి. మొన్న పిన్ని, "ఇక మీ బట్టలు మీ గాలికే ఆరాలి అక్కయ్యా" అన్నప్పుడు అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

నత్త వంటింట్లోకి వెళ్ళి, మేస్త్రీ వెళ్ళిపోతున్నాడని మాత్రం చెప్పింది.

"వెళ్తే వెళ్ళనీ. ఈ ఇల్లు కాకపోతే ఇంకో ఇల్లు" అంది అమ్మ, వెనక్కి తిరగకుండా.

"ఇంకో ఇల్లు ఉండదమ్మా. బాబాయి అందరికీ చెప్తాడట."

అమ్మ చేయి ఒక్క క్షణం ఆగి, మళ్ళీ గిన్నె తోమసాగింది.

నత్త పెరట్లోకి వచ్చింది. అందరూ చూస్తుండగా దారం కొస పట్టుకుని లాగింది. ముడి ఒక్క లాగుకే ఊడి గడ్డి మీద పడింది. రెండు వాటాల్లోనూ ఆ ముడి అమ్మదని తెలియనివాళ్ళు లేరు. పిన్ని గుంజ వైపు చూసి తల దించుకుంది. బాబాయి గొంతు సవరించుకుని, మాలు గట్టిపడేలోగా సరిచెయ్యమని మేస్త్రీతో మర్యాదగా అన్నాడు. నాన్న ఎవరి ముఖమూ చూడకుండా దిమ్మెలు లేపడానికి వంగాడు.

నత్త ఇంటివైపు నడిచింది. వెనక గుమ్మంలో అమ్మ తడిచేతులతో నిలబడి ఉంది. ఆమె కళ్ళు కూతురి వేళ్ళకంటిన మట్టి మీద ఆగాయి. నత్త మెట్టెక్కబోయింది.

అమ్మ లోపలికి జరిగి తలుపు వేసేసింది.