వాడని కార్డుల బరువు

మనం చేసిన తప్పులకే దేవుడు లెక్క కడతాడా, చేయగలిగి ఉండి చేయని వాటికి కూడానా? బస్సు డ్రైవరుకి ఈ అనుమానం చాలా ఏళ్లుగా ఉంది. పొద్దున్నే దండం పెట్టుకునేటప్పుడు పంటి కింద రాయిలా తగులుతూ ఉండేది. ఒకసారి ప్రవచనం చెప్పే పెద్దాయన్ని అడిగితే, నీకు సెలవులు ఎక్కువైనట్టున్నాయి నాయనా అని నవ్వి ఊరుకున్నాడు. బ్యాంకు మాత్రం నవ్వలేదు. చేయగలిగిన వాటికీ లెక్క ఉంటుందని రెండో అంతస్తులో గాజుబల్ల వెనక కూర్చున్న లోను మేడం తేల్చి చెప్పేసింది.

వాళ్లు అద్దెకుంటున్న ఇంటినే కొనుక్కుందామని ఆ లోను. రెండు గదులు, వెనక కాస్త జాగా. ముందు గదిలో భార్య కుట్టుమిషను. జాకెట్టు బిగుతైనా, ప్యాంటు పొడుగైనా వీధిలో అందరూ ఆ గుమ్మం దగ్గరికే వచ్చేవారు. ఇల్లుగలావిడ ఒకప్పుడు నర్సు. చెల్లెలి దగ్గరికి వెళ్లిపోతూ ఇల్లు అమ్మేస్తోంది. మీ మీద అభిమానం ఉంది కానీ శుక్రవారం సాయంత్రానికి బ్యాంకు కాగితం చూపించకపోతే పక్కనున్న టైర్ల కొట్టాయనకి ఇచ్చేస్తానని మొహమాటం లేకుండా చెప్పింది. ఆయనకి ఆ గదులు గోడౌనుకి కావాలి. కుట్టుమిషను ఉన్నచోట టైర్లు పేరుస్తాడు.

జీతం సరిపోయింది, అడ్వాన్సు సరిపోయింది. అడ్డం పడినవి కార్డులు. బస్సు డిపో గేటు దగ్గర కార్డులు అంటగట్టే పిల్లలు బల్ల వేసుకుని కూర్చునేవారు. ఎండలో వాళ్ల మొహాలు చూస్తే డ్రైవరుకి జాలి. ఒక సంతకమే కదా, వాళ్ల టార్గెట్టు తీరుతుందని పెట్టేసేవాడు. కార్డు ఇంటికొచ్చాక గీకింది లేదు. బట్టల బీరువాలో పడేసేవాడు. ఏడాదికోసారి, మీరు మంచి ఖాతాదారు, మీ లిమిట్ పెంచుతున్నాం, సమ్మతమేనా అని ఫోనుకి మెసేజీ వచ్చేది. సన్మానం చేస్తామంటే వద్దంటామా? సమ్మతమే అని నొక్కేవాడు. ఆ మెసేజీ భార్యకి చూపించి మురిసిపోయేవాడు కూడా.

మొదటిసారి వెళ్లినప్పుడు అతను మేడంతో, ఒక్క కార్డూ వాడలేదమ్మా అని గర్వంగా చెప్పాడు.

"వాడారా లేదా అని కాదండీ, రేపు వాడగలరా అని చూస్తాం," అంది ఆవిడ. "లిమిట్ ఎంతుంటే అంతా వాడేసినట్టే మా లెక్క. అందులో వందకి మూడు చొప్పున నెలనెలా మీ జీతంలోంచి పోతున్నట్టు రాసుకుంటాం. మిగిలిన జీతంలో ఇంటి వాయిదా పట్టాలి కదా."

అందుకని మొగుడూ పెళ్లాం వారమంతా ఫోన్లు చేసి, పాటలు వినిపించినంతసేపూ విని, నాలుగు కార్డులు మూయించారు. ఆ కాగితాలు పట్టుకుని శుక్రవారం మధ్యాహ్నం మళ్లీ గాజుబల్ల ముందు కూర్చున్నారు. మేడం కంప్యూటరులో చూసి, ఇంకోటుందిగా అంది.

"నాలుగేనమ్మా," అంది భార్య.

"ఐదోది మా బ్యాంకుదే. అన్నిటికంటే దీని లిమిటే పెద్దది."

భార్య మొగుడి వైపు తిరిగింది. డ్రైవరు కిటికీ వైపు చూశాడు. కిటికీలో చూడ్డానికి ఎదురు గోడ తప్ప ఏమీ లేదు.

"ఎవరి దగ్గరుంది?" అని అడిగింది ఆమె, గొంతు పెంచకుండా.

"మీ తమ్ముడి దగ్గర."

ఫ్రిజ్‌లు బాగుచేసే తమ్ముడు. రెండేళ్ల కిందట వాడి కొట్టు మూతపడే స్థితికి వచ్చింది. రిపేరు చేయించుకున్నవాళ్లు డబ్బు తీరిగ్గా ఇస్తారు, సామాన్ల షాపువాడు చేతిలో పెడితేనే సామాను ఇస్తాడు. డ్రైవరు తన కార్డు మీదే వాడి పేరుతో అదనపు కార్డు తీసిచ్చాడు. అక్కకి తెలిస్తే నా తల తింటుంది బావా అని వాడు బతిమాలాడు. వాడు ఏ నెలా కట్టడం మానలేదు, అందుకని ఇతనికీ చెప్పే అవసరం రాలేదు. వాడి కొట్టు నడుస్తున్న కార్డుని మూసేయలేక, ఈ ఒక్కదాని సంగతి బ్యాంకు పట్టించుకోదులే అని వారమంతా తనకి తాను సర్దిచెప్పుకున్నాడు. తీరా బ్యాంకు మొదట పట్టుకున్నది దాన్నే.

మూసేయక్కర్లేదని మేడమే దారి చెప్పింది. లిమిట్‌ని అయిదో వంతుకి దించితే తన లెక్క సరిపోతుంది. అయితే వాడి బాకీ ఆ కొత్త లిమిట్ కన్నా తక్కువుండాలి. ఇప్పుడు ఎక్కువుంది. తేడా కట్టాలి, అది కూడా కింద కార్డుల కౌంటరు నాలుగింటికి మూసేలోపు. అడ్వాన్సు డబ్బులో మాత్రం పైసా కదిలించకూడదు, కదిలిస్తే ఫైలు మళ్లీ మొదటికొస్తుంది.

భార్య మెట్ల మీదే తమ్ముడికి ఫోను చేసింది. తిట్టలేదు. కావలసినంత చెప్పి, నాలుగులోపు రా అని పెట్టేసింది. డ్రైవరుకి ఆ తిట్టకపోవడమే భయమేసింది.

కింద బెంచీ మీద ఇద్దరి మధ్య ఇంకో మనిషి పట్టేంత జాగా వదిలి కూర్చుంది. ఎదురుగా గోడగడియారం. డ్రైవరు దేవుణ్ణి ఏమని అడగాలో తేల్చుకోలేకపోయాడు. ఇల్లు ఇప్పించమనడం ఆశ అనిపించింది. టైర్ల కొట్టాయనకి వద్దనడం ఓర్వలేనితనం అనిపించింది. చివరికి, మా బావమరిదికి ట్రాఫిక్ తగలకుండా చూడు స్వామీ అని సరిపెట్టుకున్నాడు.

"వాడికిచ్చినందుకు కాదు," అంది భార్య ఉన్నట్టుండి. "నేనే ఇమ్మనేదాన్నేమో. మీరిద్దరూ కలిసి నన్ను గయ్యాళిని చేసి పక్కన కూర్చోబెట్టారు చూడండి, అది."

డ్రైవరు తప్పైంది అన్నాడు. ఆమె జరగలేదు కానీ, చేతిసంచీ తీసి ఆ మధ్య జాగాలో పెట్టింది.

నాలుగవడానికి పది నిమిషాలుందనగా బావమరిది వచ్చిపడ్డాడు. మోచేతుల దాకా గ్రీజు. బేకరీలో చల్లపెట్టె విప్పి ఉండగా ఫోనొచ్చిందట. పాత బాకీ ఇస్తేనే మూత బిగిస్తానని బేకరీ ఆయన ముందు తిష్ట వేశాడట. కరిగిపోతున్న కేకుల్ని చూసి ఆయన గల్లాపెట్టె తెరిచాడట. అక్క మొహం చూసి వాడు ఆ కథ సగంలోనే ఆపేశాడు.

కౌంటరులో అమ్మాయి నోట్లు లెక్కపెట్టింది. కీ నొక్కి చూసి తల అడ్డంగా ఊపింది. కాస్త తగ్గింది. పెద్ద మొత్తమేం కాదు, ఇద్దరు టిఫిను తినేంత. కానీ ఆ కాస్తా పడకపోతే కంప్యూటరు కొత్త లిమిట్ తీసుకోదు. బావమరిది జేబులు బయటికి లాగి చూపించాడు. అక్క సంచీలో జిరాక్సులకి పోగా మిగిలినవి రెండు గుండీలు. గేటు దగ్గర కాపలాదారు షట్టరు సగానికి దించాడు.

డ్రైవరు ప్యాంటు జేబులోంచి, చొక్కా జేబులోంచి చిల్లరంతా తీసి కౌంటరు మీద పోశాడు. నాణేలు దొర్లుతుంటే అరచెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మాయి ఒక్కొక్కటే జరుపుకుంటూ చాలు అంది, మిగతావి వెనక్కి తోసింది. కీ నొక్కింది. కాసేపు తెర మీద ఏదో తిరిగింది. తర్వాత ఆమె ఫోను తీసి, మేడం, లిమిట్ దిగింది చూసుకోండి అని రెండో అంతస్తుకి చెప్పింది. భార్య అప్పటికే మెట్లెక్కేస్తోంది.

ఆమె కాగితంతో దిగేసరికి షట్టరు కింద నుంచి వంగి బయటికి రావలసి వచ్చింది. బ్యాంకు ముందు మెట్ల మీదే నిలబడి ఇల్లుగలావిడకి ఫోను చేసి, కాగితంలో ఉన్నది పైనుంచి కిందిదాకా చదివి వినిపించింది. అవతల ఆవిడ ఏమందో కానీ, ఆమె పైటకొంగుతో ముక్కు తుడుచుకుని, సరేనమ్మా, రేపే వస్తాం అంది.

బావమరిది నిట్టూర్చి మెట్టు మీద కూలబడ్డాడు. "బావా, ఇన్నాళ్లూ నీ జేబులో చిల్లరే ఉండదనుకున్నా," అన్నాడు.

ఆ మాటకి అక్క కూడా పెదవి బిగబట్టి నవ్వాపుకుంది. పెళ్లిచూపులకి ముందు సంగతి అది. కండక్టరు లేని ఆ బస్సులో టిక్కెట్లూ డ్రైవరే కొట్టేవాడు. కాలేజీ కుర్రాడిగా వాడు బస్సెక్కి పెద్ద నోటిస్తే, చిల్లర లేదు, దిగేటప్పుడు ఇస్తానన్నాడు డ్రైవరు. ఇవ్వలేదు. తర్వాత పెళ్లికొడుకుగా ఇంటికొచ్చినవాణ్ణి వాడు గుమ్మంలోనే గుర్తుపట్టి, నలుగురిలో నా చిల్లరేదీ అని అడిగాడు. అప్పట్నుంచీ ఇంట్లో ఏ శుభకార్యమైనా ఆ ప్రశ్న లేకుండా గడవలేదు.

డ్రైవరు వాడి పక్కన కూర్చుని, మిగిలిన నాణేల్లోంచి ఏరి వాడి గ్రీజు చేతిలో ఒక్కొక్కటే పెట్టాడు. "లోపల కట్టింది కొంత, ఇది కొంత. లెక్క చూసుకో," అన్నాడు.

వాడు నిజంగానే వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. సరిపోయింది బావా అని జేబులో వేసుకున్నాడు.