రేకు రెండుసార్లు మోగితే

నాకు అన్నిటికంటే ఎక్కువ భయం ఒక్కటే, వస్తానన్న మనిషి రాకపోవడం. పాప బడి నుంచి వచ్చే వేళ కాస్త దాటితే చాలు, పొయ్యి మీద ఏముందో కూడా చూడకుండా చెప్పులు వేసుకుని వీధిలోకి పరిగెడతాను. "నీకు చాదస్తం బాగా ముదిరింది" అంటారు మా ఆయన. ముదిరితే ముదిరింది. ఇది నాకు పుట్టుకతో వచ్చిన భయం కాదు. అక్క దగ్గర అంటుకుంది. అక్కకి అంటుకున్నది ఒక వేసవిలో, పాల ఫారంలో.

ఆ రోజు పొద్దున అక్క పచ్చగడ్డి మోపు భుజం మీద నుంచి దించి, మెడ మీది దద్దుర్లు గోక్కుంటూ, ఇవాళ వాడిది ఏం పాడుచేద్దామా అని చుట్టూ చూసింది. బడికి సెలవులిచ్చినప్పటి నుంచీ ఆమెకది రోజువారీ పనే. ఒకసారి వాడు తాగే కుండలో గుప్పెడు ఉప్పు పోసింది. ఒకసారి వాడి చెప్పులు పేడలో తొక్కింది. వాడు ఉప్పునీళ్లు పుక్కిలించి ఉమ్మేసి, కుండ కడుక్కుని మళ్లీ నింపుకున్నాడు. చెప్పులు కూడా కడుక్కున్నాడు. ఎవరు చేశారని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేది, మొహం మీదే చెప్పేది.

వాడంటే మిషన్ తాత. ఫారంలో గడ్డి కోసే మిషన్ నడిపేవాడు కాబట్టి అందరూ అలాగే పిలుస్తారు. అక్క కూడా చిన్నప్పుడు అలాగే పిలిచేది, వాడి భుజమెక్కి దూడల్ని చూసేది. అమ్మ చెయ్యి పోయిన తర్వాత ఆమె నోట తాత అన్న మాట రాలేదు.

దూడల గదిలో రేకు గోడకి గోనెసంచులు మందంగా కుట్టి వేలాడదీసి ఉన్నాయి. కుట్టిందీ కట్టిందీ వాడే. దూడలకి చలేస్తుందనుకుంటాడు కాబోలు, మనుషుల వేళ్లు తెగినా పర్వాలేదు గాని దూడలకి చలెయ్యకూడదు! అక్క కొడవలితో తాళ్లు కోసి సంచుల్ని కిందికి లాగింది. ఒకటి మడిచి భుజం మీద వేసుకుంది, గడ్డి నూగు గుచ్చుకోకుండా. మిగిలినవి పేడగుంటలోకి విసిరేసింది. కాస్త హాయిగా అనిపించింది.

"ఏమే, మోసి మోసి నువ్వే గేదెవి అవుతున్నావు! ఇంకో నెల పోతే నీ కిందా చెంబు పెట్టొచ్చు" అంది పాలు పిండే అత్త, బకెట్టు పట్టుకుని పోతూ.

"పెట్టు అత్తా, తన్నించుకుంటావు."

అత్త పకపకా నవ్వింది. అక్క నవ్వలేదు.

ఆ షెడ్డు గురించి చెప్పాలి. మధ్యలో నిలువునా ఒకటే పొడవాటి రేకు గోడ. గోడకి ఇటువైపు గడ్డి మిషన్ నోరు, అటువైపు మోటారు, స్విచ్. దుమ్ము పడి మోటార్లు కాలిపోతున్నాయని యజమాని అలా కట్టించాడు. ఆ రేకే ఒక కొసన దూడల గదికి గోడ, ఇంకో కొసన మిషన్ తాత పడుకునే గదికి గోడ. మిషన్‌కి గడ్డి పెట్టే మనిషి, స్విచ్ దగ్గరున్న మనిషి ఒకరికొకరు కనపడరు. పశువుల్ని అదిలించే కేకల్లో ఏ కేక ఎవరిదో తెలియదు కనుక ఒక కర్ర పెట్టుకున్నారు. నోట్లో గడ్డి అడ్డం పడితే మిషన్ ఆపుతారు. చెయ్యి పెట్టి గడ్డి లాగేసి, చెయ్యి పూర్తిగా బయటికి తీసుకున్నాక, కర్రతో రేకు మీద రెండుసార్లు తట్టాలి. రెండు మోతలు వింటేనే అవతలి మనిషి స్విచ్ వెయ్యాలి.

అమ్మ తట్టలేదు. చెయ్యి ఇంకా లోపలే ఉంది. స్విచ్ పడింది.

కుడిచేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. యజమాని అడిగితే వాడు చెప్పిన మాట: "తట్టింది, వేశాను." అంతే. ఆ రెండు ముక్కలూ కలిపి ఫారమంతా ఒక తీర్పు రాసేసింది. అమ్మ తొందరపడింది, ముందు తట్టి తర్వాత చెయ్యి తియ్యబోయింది, ఆడవాళ్లకి నిదానం లేదు. అమ్మ మంచం మీదుండగానే ఆ మాట ఇంటి దాకా వచ్చింది. సెలవులు రాగానే అక్క, "అమ్మ పని నేను చేస్తాను" అని ఫారానికి వెళ్లింది. ఇల్లు గడవడానికే అనుకున్నాం. ఆమె వెళ్లింది స్విచ్ కోసం.

ఎందుకంటే అమ్మ చెయ్యి పోయిన దగ్గర్నుంచి, గడ్డి అడ్డం పడితే వాడు ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వడు. "నువ్వు అవతలికి పో, నేను తీస్తాను" అంటాడు. అంటే వాడి చెయ్యి మిషన్ నోట్లో ఉంటుంది, అక్క చెయ్యి స్విచ్ మీద ఉంటుంది. వేసవంతా అలా ఎన్నోసార్లు జరిగింది. ప్రతిసారీ అక్క రెండు మోతలూ వినపడేదాకా ఆగిపోయింది. ప్రతి సాయంత్రం తనని తనే తిట్టుకుంటూ ఇంటికొచ్చింది.

ఆ రోజు మాత్రం ఆగదలుచుకోలేదు. పొద్దున అమ్మ నాకు జడ వెయ్యబోయి, మూడో పాయ పట్టుకోవడానికి వేళ్లు లేక, రెండు పాయలే తాడులా మెలిపెట్టి, "ఇదిప్పుడు కొత్త ఫ్యాషనే" అని నవ్వింది. ఆ నవ్వు చూశాక అక్కకి ముద్ద దిగలేదు. ఫారానికి వస్తే యజమాని పదిమందిలో, "జాగ్రత్తమ్మాయ్, మీ అమ్మలా తొందరపడేవు. ముందు చెయ్యి తియ్యి, తర్వాత తట్టు. ఆ మాత్రం తెలియకే కదా ఆవిడ..." అన్నాడు. పక్కనే వాడు నిలబడి ఉన్నాడు. నేల చూపులు చూస్తూ గోరుతో గోరు గీసుకుంటూ ఉన్నాడు. పది వేళ్లకీ పది గోళ్లున్నాయి.

మధ్యాహ్నం అందరూ అన్నాలకి పోయాక గడ్డి అడ్డం పడింది. మిషన్ గుర్రుమంది. వాడు అవతల స్విచ్ ఆపి ఇటు వచ్చాడు.

"పో అవతలికి" అన్నాడు వాడు, చొక్కా చెయ్యి పైకి మడుచుకుంటూ.

అక్క గోడ తిరిగి వెళ్లి స్విచ్ మీద చెయ్యి వేసింది. చెప్పవలసిన మాట వేసవంతా నోట్లో నానుతూనే ఉంది, "తట్టాడు, వేశాను." వాడి మాట వాడికే. ఎవరడిగినా ఆ రెండు ముక్కలే. రేకు సందులోంచి గడ్డి పీకుతున్న గరగర వినపడుతోంది. ఇప్పుడు. ఇప్పుడే. వేళ్లు బిగిశాయి. అమ్మ జడ అల్లలేని చెయ్యి గుర్తు చేసుకుంది. యజమాని మాట గుర్తు చేసుకుంది. అయినా వేలు కదల్లేదు.

రేకు రెండుసార్లు మోగింది.

అయిపోయింది. మళ్లీ తప్పించుకున్నాడు. అక్కకి వాడి మీదకంటే తన మీద కసి పుట్టుకొచ్చి, స్విచ్ వదిలేసి చేతులు కట్టుకు నిలబడింది. కావాలంటే వాడే వచ్చి వేసుకోనీ. నేనెందుకు వెయ్యాలి?

అప్పుడు గోడ అవతల నుంచి కేక వచ్చింది. "వెయ్యొద్దు! వెయ్యొద్దమ్మా! నేను కాదు, దూడ!"

అక్క పరుగెత్తుకెళ్లింది. వాడు నేల మీద కూలబడి ఉన్నాడు. కుడిచెయ్యి అప్పుడే లాక్కున్నాడు, మోచేతి దాకా గడ్డి పసరు. కర్ర మేకుకి వేలాడుతూనే ఉంది. ఎవరూ ముట్టుకోలేదు దాన్ని. అక్క వెళ్లి దూడల గదిలోకి తొంగి చూసింది. ఒక కోడెదూడ ఈగలకి వెనక్కాలు విదిలించింది. సంచులు లేని రేకు మళ్లీ మోగింది, రెండుసార్లు, అచ్చం మనిషి తట్టినట్టే.

అక్క రేకునీ చూసింది, వాణ్ణీ చూసింది. సంచులు చలికి కాదు.

"దూడ అని నీకెలా తెలుసు?"

వాడు చేతి పసరు పంచెకి తుడుచుకున్నాడు.

"ఇక్కణ్ణుంచి ఆ దూడ నీకు కనపడదు. చూడకుండానే దూడన్నావు. ఎలా తెలుసు?"

"ఆ రోజు తెలీదమ్మా. ఒట్టు. మీ అమ్మే తట్టిందనుకున్నాను." ఊపిరి అందక ఆగాడు. "తర్వాత కొన్నాళ్లకి మిషన్ దగ్గర ఎవరూ లేనప్పుడు మోగింది. అప్పుడు తెలిసింది. సంచులు కట్టాను."

"సంచులు కట్టావు. నోరు కూడా కట్టుకున్నావు."

"చెబితే పొమ్మంటాడు. ఈ వయసులో నన్నెవరు పెట్టుకుంటారు?"

"మా అమ్మనెవరు పెట్టుకుంటారు?"

వాడి నుదుటి మీద చెమట కారి కనుబొమల్లో ఆగుతోంది. ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. కాసిని నీళ్లిమ్మని సైగ చేశాడు. "కుండ అక్కడే ఉంది, కాళ్లున్నాయిగా" అంది అక్క. వాడి పెదాలు వణకడం చూస్తుంటే, ఇన్నాళ్ల ఆకలికి ఇప్పుడు ముద్ద నోటికందినట్టు అనిపించింది. స్విచ్ ఇవ్వలేని తృప్తి అది. వేళ్లు నరికితే ఒక్కసారే అరుస్తాడు. ఇదైతే పదిమందిలో నిలబెట్టి అరిపించొచ్చు.

"సాయంత్రం మా ఇంటికి రావాలి. మా అమ్మ ముందు చెప్పాలి, ఆమె తట్టలేదని. రేపు యజమాని ముందు చెప్పాలి."

"వస్తాను."

"ఎప్పుడు?"

"దీపాలు పెట్టే వేళకి. స్నానం చేసి వస్తాను."

"రాకపోతే?"

"వస్తానన్నాను కదమ్మా." గోడ పట్టుకుని లేచాడు. మేకు నుంచి కర్ర తీసి చంకలో పెట్టుకున్నాడు. "ఇవాళ్టికి మిషన్ ఎవరూ వెయ్యొద్దు. ఆ సంచులు మళ్లీ కట్టేదాకా."

అక్క ఇంటికొచ్చి చేతులు కూడా కడుక్కోకుండా జరిగిందంతా అమ్మకి చెప్పింది. అమ్మ ఏడుస్తుందనుకుంది, తిడుతుందనుకుంది. అమ్మ తన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎవరిదో చెయ్యి చూస్తున్నట్టు చూసింది.

"నేనే తట్టానేమో అనుకున్నానే ఇన్నాళ్లూ" అంది చివరికి. "అందరూ అంటుంటే, తట్టే ఉంటాననుకున్నాను."

అక్క వెంటనే పక్కింటి పిన్నినీ, ఎదురింటి బాబాయినీ పిలుచుకొచ్చింది, సాక్ష్యానికి. వాకిట్లో కుర్చీ వేసింది. వాడు కూర్చోవడానికి కాదు, వాడు నిలబడితే అమ్మ కూర్చోవడానికి. దీపాలు పెట్టారు. వీధిలో వచ్చిన ప్రతి నీడా మలుపు తిరిగి ఇంకెవరిదో అయింది.

"ఏదీ మీ పెళ్లికొడుకు? ముహూర్తం దాటిపోతోంది" అన్నాడు బాబాయి, ఆవలిస్తూ. కాసేపటికి ఆయనా వెళ్లిపోయాడు, పిన్నీ వెళ్లిపోయింది.

"ఒకసారి వెళ్లి చూసి రావే" అంది అమ్మ.

"నేనా? వాడి కోసమా?"

"పెద్దాయన. ఒంట్లో ఎలా ఉందో ఏమో."

"ఒంటికేం, దున్నపోతులా ఉన్నాడు. పారిపోయుంటాడు. తెల్లారనీ, యజమాని ముందు నేనే చెబుతాను, దొంగ కాబట్టే పారిపోయాడని."

"పోనీ నేను వెళ్తాను."

అక్క గుమ్మానికి అడ్డంగా కూర్చుంది. "నువ్వు గడప దాటావంటే నామీద ఒట్టే. వాడే రావాలి. వాడి కాళ్లతో వాడే నడిచి రావాలి."

అమ్మ లేచి లోపలికి వెళ్లింది. వాడి కోసమని తీసిపెట్టిన అన్నం మీద మూత పెట్టింది.

పొద్దున్నే అక్క ఫారానికి దాదాపు పరిగెత్తుకుంటూ వెళ్లింది. ఖాళీ గదిని అందరికీ చూపించాలన్న తొందర. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ పెట్టలేదు. కాలితో తన్ని తెరిచింది.

ఆయన వెళ్లిపోలేదు. మంచం మీద గోడకి ఆనుకుని కూర్చున్నట్టే ఒరిగి ఉన్నాడు. ఉతికిన చొక్కా వేసుకున్నాడు. పై బొత్తాం ఒక్కటే పెట్టుకోవలసి ఉంది. తల నున్నగా దువ్వుకున్నాడు. కాళ్లకి చెప్పులు, అంచుల్లో కూడా పేడ మరక లేకుండా కడిగినవి. చెయ్యి రేకు గోడ మీదికి చాపి అలాగే ఉండిపోయింది. ఆ చేతి కింద, నేల మీద, కర్ర.

అక్క కేకకి పాలు పిండే అత్త వచ్చింది. నుదుటి మీద చెయ్యి పెట్టి చూసి, వెనక్కి తీసుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నిన్న సాయంత్రం పాలు పిండుతుంటే రేకు మోగిందే. రెండుసార్లు మోగి ఆగింది. మళ్లీ రెండుసార్లు మోగింది." అత్త రేకు వైపు చూసింది. "దూడేలే అనుకున్నాను."

యజమానికి అక్క అంతా చెప్పింది. సంచుల సంగతీ, దూడ సంగతీ. "పోయినవాడి మీదా నింద వేస్తావు? నోరు మంచిది కాదమ్మాయ్" అన్నాడు ఆయన. అమ్మ తట్టలేదన్న మాట ఆ ఫారంలో ఎవరి నోటా రాలేదు. అక్క కసి తీరనూ లేదు, చల్లారనూ లేదు. మొయ్యడానికి భుజం ఉంది గాని, దించడానికి చోటు లేకపోయింది. పేడగుంటలోంచి సంచులు తీసి కడిగి, దూడల గదిలో మళ్లీ కట్టి, ఆ సాయంత్రమే ఫారం మానేసింది. వస్తూ వస్తూ కర్ర తెచ్చుకుంది. ఎవరూ వద్దనలేదు.

ఇప్పుడు అక్క పిల్లలు పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో ఎవరు ఆలస్యంగా వచ్చినా ఆమె తిట్టదు, ఎదురు వెళ్తుంది. నేనూ అంతే. మీకు ఎవరి మీదైనా కోపం ఉంటే ఉండనివ్వండి, పోగొట్టుకోమని నేను చెప్పను. కానీ వస్తానన్న మనిషి రాకపోతే, గోడ అవతల ఏదైనా రెండుసార్లు మోగి ఆగిపోతే, దూడేలే అనుకోకండి. లేచి వెళ్లి ఒక్కసారి చూసి రండి. అక్క ఇంట్లో తలుపు మూల ఆ కర్ర ఇంకా ఉంది, పట్టుకునే చోట నున్నగా, తట్టే చోట సొట్టపడి.