కలిపా, విడిగానా

ఇల్లు అమ్మకానికి పెట్టి రెండేళ్లయింది. కొనేవాళ్లు లేక కాదు, ఎలా అమ్మాలో మాకే తేలక.

ఇల్లు పాతదే గానీ గట్టిది. పక్కనే, అదే ప్రహరీ లోపల, ఇంకో ఇల్లు కట్టుకోవడానికి సరిపోయే ఖాళీ స్థలం ఉంది. రెండూ నా పేరునా మా ఆయన పేరునా ఉమ్మడిగా ఉన్నాయి. 'మా ఆయన' అంటున్నాను గానీ మేం విడిపోయి ఆరేళ్లు. పిల్లల్లేరు, పంచుకోవడానికి ఇవి తప్ప ఇంకేమీ లేవు. నేను ఈ ఇంట్లోనే ఉండిపోయాను. ఆయన తన డ్రైవింగ్ స్కూలు మేడమీద గదిలో ఉంటారు.

బ్రోకరుకి నేను పెట్టిన పేరు రెండుమాటలు. "రెండే రెండు మాటలమ్మా" అని మొదలుపెడతాడు, గంట దాకా ఆపడు. రెండేళ్ల కిందట మా ఇద్దర్నీ హాల్లో కూర్చోబెట్టి లెక్చరిచ్చాడు.

"కలిపి అమ్మితే బిల్డరు కొంటాడమ్మా. ఒకటే బేరం, ఒకటే రిజిస్ట్రేషను. కాకపోతే ఇల్లు పడగొట్టి అపార్ట్‌మెంటు లేపుతాడు. విడిగా అమ్మారనుకోండి, ఇల్లు ఇల్లుగానే ఉంటుంది, స్థలంలో ఇంకెవరో కట్టుకుంటారు. నాలుగు డబ్బులు ఎక్కువే వస్తాయి గానీ తలనొప్పులున్నాయి. మీ సెప్టిక్ ట్యాంకు ఆ స్థలంలో ఉంది, మార్చాలి. నీళ్ల పైపూ అటునుంచే."

"విడిగానే" అన్నాను నేను.

"కలిపే" అన్నారాయన, నా మాట ఇంకా నోట్లో ఉండగానే.

నేను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఆయనతో ఎడ్డెమంటే తెడ్డెం. మమ్మల్ని ఎందుకు విడిపోయారని అడిగేవాళ్లు తెలివితక్కువవాళ్లు. పదిహేడేళ్లు ఎలా కలిసున్నారని అడగాలి.

అప్పట్నుంచి ఆయన ప్రతి ఆదివారం పదింటికి, "ఇవాళ తాడో పేడో తేల్చేద్దాం" అంటూ వచ్చేవారు. టేపు తెచ్చుకునేవారు. పోయిన వారం కొలిచిన స్థలాన్నే మళ్లీ కొలిచేవాళ్లం. ఒక కొస నేను పట్టుకుని ప్రహరీ దగ్గర నిలబడితే, ఆయన రెండో కొస లాక్కుంటూ వంటింటి కిటికీ దాకా వెళ్లేవారు. "వదులుగా పట్టుకోకు" అని అక్కణ్నుంచి అరిచేవారు. "లాగి పట్టుకుంటే స్థలం పెరుగుతుందా?" అని నేను ఇక్కణ్నుంచి అరిచేదాన్ని. తర్వాత టీ, దాంతోపాటు వాదన. పన్నెండున్నరకి ఏమీ తేలకుండా వెళ్లిపోయేవారు.

నేను రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తాను. పరగడుపున వచ్చినవాళ్ల చేతుల్లో నరం వెతికి రక్తం తీయడం నా పని. రోజుకి నలభై చేతులైనా పట్టుకుంటాను. ఒక్కరూ నా మొహం చూడరు. సూది చూడలేక తల అటు తిప్పేసుకుంటారు. దూది అదిమిపెట్టుకుని లేచి వెళ్లిపోతారు. వారంలో నా మొహం చూసి మాట్లాడేది, అదీ కళ్లెర్రజేసి మాట్లాడేది, ఆదివారం పూట ఆయన ఒక్కరే. ఆ సంగతి నాకు చాలాకాలం తెలియలేదు. తెలిశాక కూడా ఒప్పుకోలేదు.

ఒక వారం విసుగొచ్చి, "సరే, మీ మాటే కానివ్వండి. కలిపే అమ్మేద్దాం" అన్నాను.

ఆయన తెల్లమొహం వేశారు. గొంతు సవరించుకుని, "అదేంటి, నిక్షేపంలాంటి ఇల్లు పడగొట్టేస్తారు. విడిగా అమ్మితేనే నయం" అన్నారు.

ఒళ్లు మండిపోయింది. మండుతున్నందుకు హాయిగానూ ఉంది. ఆ రోజు టీ రెండోసారి పెట్టాను.

తర్వాత మూడో దారి నేనే తెచ్చాను. స్థలంలో ఇల్లు కట్టేందుకు ముందుగా మన పేరునే ప్లాన్ పాస్ చేయించి, ఆ కాగితంతో అమ్మితే ఇంకా మంచి ధర వస్తుందని. "దానికి ఏడాది పడుతుంది" అని ఆయన గొణిగారు గానీ, కాదనలేదు. మరుసటి ఆదివారం నోటుబుక్కులో ఇంటి బొమ్మ గీసుకొచ్చారు. మెట్లు లేకుండా మేడ గీశారు. "పైకి ఎగిరి వెళ్తారా?" అన్నాను. ఆ మెట్ల మీద మూడు వారాలు పోట్లాడుకున్నాం.

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేం అంటారు. నా నోరు ఒక ఆదివారం జారింది. ముందురోజు ల్యాబులో ఒక పెద్దావిడకి మూడుసార్లు గుచ్చినా నరం దొరకలేదు. ఆవిడ కొడుకు నలుగురిలో నన్ను నానా మాటలూ అన్నాడు. ఆ కడుపుమంటతో ఉన్నాను. ఆయన వస్తూనే, టేపు సరిగ్గా పట్టుకోవడం కూడా రాదన్నారు.

"మీరు అడ్డం పడకపోతే ఈపాటికి నా బతుకు నేను బతికేదాన్ని" అన్నాను.

ఎప్పుడూ ఒక మాటకి పది మాటలు అప్పజెప్పే మనిషి టేపు చుట్టి జేబులో పెట్టుకున్నారు. కప్పులో టీ అలాగే ఉంది. గేటు చప్పుడు కాకుండా వేసి వెళ్లారు. ఆ గేటు ఆయన చేతిలో ఎప్పుడూ అంత నెమ్మదిగా పడలేదు.

తర్వాతి ఆదివారం రాలేదు. ఆపై బుధవారం ల్యాబుకి వచ్చారు. టోకెను తీసుకుని, తన వంతు వచ్చేదాకా ఆగి, చెయ్యి పెట్టే కుర్చీలో కూర్చున్నారు.

"ఒంట్లో బాగాలేదా?" అన్నాను.

"బాగానే ఉంది" అని కవరు ఇచ్చారు. తన వాటా కూడా నేనే అమ్మేలా రాసిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ. రిజిస్టరు కూడా చేయించారు. "నీకు తోచినట్టు అమ్ముకో. నా వాటా బ్యాంకులో వేస్తే చాలు. ఇక నేను అడ్డం రాను."

వెటకారం లేదు, అలకా లేదు. నిజంగా నాకు మేలు చేస్తున్నాననే అనుకున్నారు. పదిహేడేళ్ల కాపురంలో ఒక్క మాటా వినని మనిషి, ఆరేళ్ల తర్వాత ఒకే ఒక్క మాట విన్నారు. వినక వినక ఆ 'అడ్డం' మాటే విన్నారు! వెనకాల టోకెను పట్టుకున్నతను దగ్గాడు. ఆయన లేచారు.

శుక్రవారం సాయంత్రం నేనే ఫోన్ చేశాను.

"విడిగా అమ్మేస్తున్నాను."

"సరే."

"సెప్టిక్ ట్యాంకు మార్చాలి. వాకిలంతా తవ్విపోస్తారు."

"తవ్వనీ."

"పోనీ, కలిపి ఇచ్చేయనా? ఇల్లు పడగొట్టేస్తారు మరి."

"నీ ఇష్టం. ఏదైనా నాకు సరే."

ఇంక దాచుకుని లాభం లేదనిపించింది. "ఇంటి గురించి కాదు. ఆదివారం ఒక్కదాన్నే ఉండలేకపోతున్నాను. ఊరికే రండి" అన్నాను. అలాంటి మాట నా నోట రావడం నాకే కొత్త.

"ఆదివారాలు కొత్త బ్యాచ్ పెట్టాను. గదిలో కూర్చోలేక" అన్నారాయన. తర్వాత మెల్లగా, "ఊరికే వచ్చి ఏం మాట్లాడుకుంటాం? ఆ ఇల్లు తప్ప మనకి వేరే మాటేముంది?" అన్నారు.

ఉందని చెప్పాలనుకున్నాను. ఏదో ఒకటి గబుక్కున అందుకోవాలని వెతికాను. సినిమా, ఆరోగ్యం, స్కూలు కారు, పక్కింటివాళ్లు. ఒక్కటీ రెండో వాక్యం దాకా సాగేలా లేదు.

"టీ తాగారా?" అన్నాను.

"తాగాను."

ఆదివారం రెండుమాటలు వచ్చాడు. "ఇంతకీ ఏం తేల్చారమ్మా? కలిపా, విడిగానా?"

"కలిపే అమ్మేయండి" అన్నాను. పడగొడితే పడగొట్టనీ. ఇంకెవరో అందులో కాపురం పెట్టి, అదే హాల్లో కూర్చుని పోట్లాడుకుంటారంటే నేను ఓర్చుకోలేను.

"అయితే సార్ మాటే నెగ్గిందన్నమాట!" అని నవ్వాడు.

అతను వెళ్లాక, ఆ సంగతి చెబుదామని ఫోన్ చేశాను. మోగి మోగి ఆగిపోయింది. టైము పది దాటింది, క్లాసులో ఉండి ఉంటారు.